ఉద్వాసన చెప్పని ఆయుధం

నేను ఒక పిస్తోలును. ఈ లోకంలోకి వచ్చిన రోజున నా దగ్గర ఉన్నవి ఇవి: పదిహేనేసి తూటాలు పట్టే మ్యాగజీన్లు రెండు, లోపల మెత్త పరిచిన ఇనుప పెట్టె ఒకటి, దానికి తాళం, ఎవరూ చదవని హెచ్చరికల పుస్తకం. వీటన్నిటికంటే ముఖ్యమైనది నా ట్రిగ్గర్. దాన్ని నొక్కడానికి ఐదున్నర పౌన్ల బలం కావాలి. నా పెట్టుబడి అంతా ఆ ఐదున్నర పౌన్లే. నేను కుదిర్చిన బేరాలూ, చివరి నిమిషంలో తప్పిపోయిన బేరాలూ దాని మీదే తేలాయి.

నన్ను చేసిన కార్ఖానాలో ఒక ముసలాయన నన్ను బిగించి, ఇసుక గోడలోకి రెండుసార్లు పేల్చి, కళ్ళద్దాల మీదుగా ఒకసారి చూసి పక్కన పెట్టాడు. అక్కణ్ణుంచి టెక్సాస్‌లో ఒక కొట్టు అద్దాల బీరువాలోకి చేరాను. అక్కడే నా వ్యాపారం ఏమిటో అర్థమైంది. మనుషులు నన్ను కొనరు. తమ భయాన్ని తెచ్చి ఇచ్చి, బదులుగా నన్ను పట్టుకుపోతారు. ఇంటికెళ్ళాక ఆ పాత భయం తలుపు దగ్గరే కూర్చుని ఉంటుంది. దాని పక్కన నా గురించిన భయం కొత్తగా చేరుతుంది. ఈ సంగతి ఏ కొట్టువాడూ చెప్పడు. చెబితే అమ్మలేడు.

మొదట కర్టిస్ అనే లారీ డ్రైవరు కొన్నాడు. అతనికి పాములంటే భయం. ఒకసారి పెరట్లో పాము మీద పేల్చాడు, గురి తప్పింది. మిగతావన్నీ ఖాళీ డబ్బాల మీదా, కాగితం బొమ్మల మీదా పేల్చాడు. పెళ్ళి చేసుకున్నాక భార్య, "ఇంట్లో నేనైనా ఉండాలి, అదైనా ఉండాలి" అంది. అతను ఆలోచించడానికి వారం రోజులు తీసుకున్నాడు. ఆ వారాన్ని ఆవిడ మరిచిపోయి ఉండదు. నేను మళ్ళీ బీరువాలోకి వచ్చాను.

ఆ తరువాత వచ్చినవాడు తటవర్తి వీర్రాజు. సొంతూరు తణుకు. టెక్సాస్‌లో హైవే పక్కన చిన్న ఊళ్ళో గ్యాస్ స్టేషను, దాన్ని ఆనుకుని సరుకుల కొట్టు నడిపేవాడు. పక్క ఊళ్ళో ఇలాంటి కొట్టే నడిపే ఒకాయన్ని ఎవరో కాల్చి గల్లాపెట్టె ఎత్తుకుపోయారు. మూడో రోజున వీర్రాజు వచ్చి నన్ను కొన్నాడు. గ్రీన్‌కార్డు ఉంది కనక కొనడానికి అడ్డు లేకపోయింది. గల్లాపెట్టె కింది సొరుగులో, చిల్లర సంచికీ అగరొత్తుల కట్టకీ మధ్య నాకు చోటిచ్చాడు. ఆయన భార్య మంగతాయారు నన్ను ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. "అది సొరుగులో ఉందా?" అనేది. భర్త పేరు కూడా పలకని మనిషి కనక నేను పట్టించుకోలేదు.

ఆరేళ్ళలో నన్ను నిజంగా పట్టుకున్నది ఒక్కసారే. వాన పడుతున్న సాయంత్రం. తల మీదికి టోపీ లాక్కున్న ఒకడు కుడిచెయ్యి జేబులో దాచుకుని నేరుగా గల్లా దగ్గరికి వచ్చాడు. వీర్రాజు చెయ్యి సొరుగులోకి దిగింది. వేలు నా ట్రిగ్గర్ మీద బిగిసింది. ఒక పౌను. రెండు. మూడు. వచ్చినవాడు జేబులోంచి చెయ్యి తీస్తున్నాడు. నాలుగు. నాలుగుంపావు. బయటికి వచ్చింది నలిగిపోయిన లాటరీ టిక్కెట్టు.

"దీనికేమన్నా డబ్బొచ్చిందేమో చూడు బాస్."

వీర్రాజు టిక్కెట్టు యంత్రంలో పెట్టి చూసి, రాలేదన్నాడు. వాడు ఉసూరుమంటూ వెళ్ళిపోయాడు. పౌనుంపావు తేడాతో తన ప్రాణం మిగిలిందని వాడికి తెలియదు. తెలిసిన మనిషి మాత్రం ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

కొట్టు అమ్మేసి న్యూజెర్సీ వెళ్ళిపోదామన్న ఆలోచన అప్పుడే మొదలైంది. అక్కడ తాయారు తమ్ముడు కాశీ ఇండియా సరుకుల కొట్టు పెట్టాడు. అందులో భాగం తీసుకోమన్నాడు. అన్నీ కుదిరాక ఒక సాయంత్రం, తాయారు కూడా వింటుండగా, వీర్రాజు ఫోనులో నా మాట ఎత్తాడు.

"బావా, దాన్ని అక్కడే అమ్మేసి రా" అన్నాడు కాశీ.

"సగం ధర కూడా పలకట్లేదురా."

"అయితే సరిగ్గా విను. ఇది టెక్సాస్ కాదు. అది ఖాళీగా ఉండాలి. పెట్టెకి తాళం పడాలి. పెట్టె డిక్కీలో ఉండాలి. పది తూటాలకి మించి పట్టే మ్యాగజీను ఈ గడ్డ మీదికి తేకూడదు. వచ్చాక పోలీసుల దగ్గర రాయించాలి. కార్లో చేతికందేలా, తూటాలతో దొరికావో, జైలే. రెండు నెలల్లో సిటిజన్‌షిప్పు ఇంటర్వ్యూ పెట్టుకున్నావు. గ్రీన్‌కార్డు కూడా ఊడుద్ది. తణుక్కి టిక్కెట్టు గవర్నమెంటోడే కొనిపెడతాడు."

"ఒకవైపుదేనా?" అన్నాడు వీర్రాజు. అక్కాతమ్ముళ్ళు ఇద్దరూ నవ్వలేదు.

ఆ రోజు నుంచి ఆయనకి నేనంటే పట్టుకున్న భయం అంతా ఇంతా కాదు. పది తూటాల మ్యాగజీన్లు రెండు కొన్నాడు. పాతవి తూటాలతో సహా కొట్టు కొన్నవాడికి ఇచ్చెయ్యాలని ఇంట్లో సొరుగులో ఉంచాడు. నన్ను ఖాళీ చేసి, మూడుసార్లు చూసి, ఇనుప పెట్టెలో పెట్టాడు. ఇంతటితో సరిపోయేదే. కాని మధ్యలో దసరా వచ్చింది.

మహర్నవమి నాడు తాయారు ఆయుధపూజకి అన్నీ సిద్ధం చేసింది. కూరల కత్తి, కారు తాళాలు, గల్లాపెట్టె తాళం, స్క్రూడ్రైవరు, వాటి మధ్యలో నేను. పసుపు రాసి కుంకుమ పెట్టింది. నా ఒంటిమీది గాడిలోకి కుంకుమ చిక్కగా దిగింది.

"పూజంటే నిండుగా ఉండాలండీ. ఖాళీ చెంబుని కలశం అనం కదా. అందులో అవి పెట్టండి" అంది.

"నీకు మతిపోయిందా? వద్దు" అన్నాడు ఆయన.

ఆయన గ్యాస్ స్టేషనుకి చివరి రోజు లెక్క చూడ్డానికి వెళ్ళాడు. ఆవిడ సొరుగులోంచి పాత మ్యాగజీను తెచ్చి, ఆరేళ్ళుగా చూసిన పద్ధతిలోనే నాలోకి తోసింది. టక్కుమంది. పదిహేను తూటాలు. ఆవిడ రెండు చెంపలూ వేసుకుని, హారతి ఇచ్చింది.

మర్నాడు విజయదశమి, ప్రయాణానికి మంచిరోజు. అమ్మవారికి ఉద్వాసన చెప్పాలి, అంటే పూజ ముగించి సాగనంపాలి. తాయారుకి మనసొప్పలేదు. ఇక్కడ పొమ్మని చెప్పి అక్కడ మళ్ళీ రమ్మనడం ఏం మర్యాద? కూడా తీసుకువెళ్ళి, కొత్త ఇంట్లో పాలు పొంగించాక ఉద్వాసన చెబుతాననుకుంది. ఉద్వాసన చెప్పేదాకా పూజలో పెట్టినవి అమ్మవారి దగ్గరనుంచి తియ్యకూడదు. కారు తాళాలు మాత్రం తీసి ఇచ్చింది. అవి లేకపోతే అమ్మవారు కూడా కదల్లేదు కదా. పటాన్నీ, కలశాన్నీ, కత్తినీ, నన్నూ పట్టు రవికగుడ్డలో చుట్టి పూజ పెట్టెలో సర్దింది.

"దాన్ని ఇనుప పెట్టెలో పెట్టేశావా?" అన్నాడు వీర్రాజు, సూట్‌కేసులు మోస్తూ.

"ఆఁ" అంది తాయారు.

ఇరవైనాలుగేళ్ళ కాపురంలో ఆవిడ మాటని సరిచూసుకునే అలవాటు ఆయనకి లేదు. ఉత్త ఇనుప పెట్టెకి భద్రంగా తాళం వేసి, డిక్కీలో అన్నిటికంటే అడుగున పెట్టాడు. దేవుడి పెట్టె చెప్పుల మధ్య డిక్కీలో పెట్టకూడదు గనక అది తాయారు ఒళ్ళోకి ఎక్కింది.

రెండు రోజుల పైచిలుకు ప్రయాణం నేను ఆవిడ మోకాళ్ళ మీద, కర్పూరం వాసనలో చేశాను. వీర్రాజు ఎక్కడా వేగం మించలేదు. పోలీసు కారు కనబడితే చాలు, నడుం నిటారు చేసేవాడు. "తాళం వేశాను కదా, ఖాళీయే కదా" అని పైకే అనుకునేవాడు. ప్రతిసారీ తాయారు చేతులు పెట్టె మూత మీద బిగుసుకునేవి. అమ్మవారి దగ్గరున్నదానికి ఏమవుతుందిలే అని ఆవిడ తనకి తను చెప్పుకున్న ధైర్యం రాష్ట్రానికింత చొప్పున తరుగుతూ వచ్చింది.

మూడో రోజు ఉదయం పెన్సిల్వేనియా దాటి, నది మీద వంతెన ఎక్కి, న్యూజెర్సీలో దిగాం. పదిన్నరకి పాలు పొంగించాలి. పది మైళ్ళు వెళ్ళామో లేదో వెనక ఎర్ర నీలి దీపాలు వెలిగాయి.

వీర్రాజు కారు పక్కకి ఆపాడు. ఒక యువ అధికారి వచ్చి అద్దం దగ్గర వంగాడు. లైసెన్సు, కారు కాగితాలు అడిగాడు.

"మీ వెనక నంబరు ప్లేటు కనబడటం లేదు. పూలదండ అడ్డం పడింది."

ఆయుధపూజ నాడు తాయారు కారుకి కట్టిన ప్లాస్టిక్ బంతిపూల దండ అది. టెక్సాస్ గాలికి బాగానే నిలబడింది, ఇక్కడికొచ్చి జారింది.

"మా పండగండి సర్" అన్నాడు వీర్రాజు.

"తెలుసు. ఈ వారంలో మీరు నాలుగోవారు." అతని చూపు తాయారు ఒళ్ళోకి మళ్ళింది. "ఆ పెట్టెలో ఏముందమ్మా?"

"గాడ్" అంది తాయారు.  పక్కనుంచి లారీ పోయినప్పుడల్లా కలశం నాకు తగిలి సన్నగా మోగుతోంది. నాకూ తూటాలకూ మధ్య ఏమీ లేదు. ఆవిడకీ జైలుకీ మధ్య ఒక పట్టుగుడ్డ ఉంది.

అధికారి ఇంకేమీ అడగలేదు. అసలు ప్రమాదం ఆ తరువాత వచ్చింది. టెక్సాస్ అలవాటు కొద్దీ వీర్రాజు గొంతు సవరించుకున్నాడు. దాపరికం లేకుండా ముందే చెప్పెయ్యడం మంచిదని ఆయన నమ్మకం.

"సర్, ఇంకో సంగతి. మా డిక్కీలో..."

తాయారు ఆయన చెయ్యి పట్టుకుంది. పరాయివాళ్ళ ముందు ఆవిడ ఆయన చెయ్యి పట్టుకోవడం పెళ్ళిపీటల తరువాత ఇదే. 

"డిక్కీలో ఏమిటి?" అన్నాడు అధికారి.

వీర్రాజు భార్య ముఖం చూశాడు. అందులో రక్తం లేదు. ఆయన జీవితమంతా గిరాకీ ముఖం చూసి బేరం చదివినవాడు. కారణం తెలియకపోయినా, ఈ బేరం ఇక్కడ ఆపాలని తెలిసింది.

"ఆవకాయ జాడీ ఉందండి. మూత వదులైనట్టుంది, వాసనొస్తే ఏమనుకోకండి."

అధికారి నవ్వి, తనే వెనక్కి వెళ్ళి దండ పైకి లాగి, కాగితాలు తిరిగి ఇచ్చి వెళ్ళిపోయాడు.

పోలీసు కారు కనుమరుగయ్యేదాకా వీర్రాజు అద్దంలో చూశాడు.

"ఏంటే?" అన్నాడు వీర్రాజు చివరికి.

"అది ఇందులో ఉందండి."

"ఖాళీగానేగా?"

తాయారు తల అడ్డంగా ఊపింది. ఆయన కళ్ళు మూసుకుని స్టీరింగుకి నుదురు ఆనించాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే ఆవిడకి కాస్త తేలికయ్యేది.

"ఇప్పుడేం చేద్దామండీ? తమ్ముణ్ణి పిలవనా?"

"వాణ్ణి కూడా ఇందులోకి లాగుతావా? ఉండు."

ఆయన లెక్క వేశాడు. పోలీసుల దగ్గరికి వెళ్ళి చెబితే నిజాయితీ అనుకోవచ్చు, నేరం అనుకోవచ్చు. అనుకునేది వాళ్ళు. ఇంటికి తీసుకెళ్తే రోజూ ఇదే భయం. వెనక్కి తిరిగితే నది పది మైళ్ళు. అవతల పెన్సిల్వేనియాలో రోడ్డు పక్కన తుపాకుల కొట్టు ఒకటి ఆయన చూశాడు. వ్యాపారి కంటికి బోర్డులు ఆనకుండా ఉండవు.

ఒక పెద్ద దుకాణం ముందు, అన్ని కార్లకీ దూరంగా ఆపి, ఆవకాయ జాడీ వెతుకుతున్నట్టు డిక్కీలోకి వంగాడు. తాయారు శాలువా పట్టుకుని అడ్డం నిలబడింది. ఆయన నాలోంచి మ్యాగజీను లాగి, తూటాలు ఒక్కొక్కటీ తీశాడు. ఒకటి జారి కారు కిందికి దొర్లింది. యాభై దాటిన మనిషి తారురోడ్డు మీద బోర్లా పడుకుని, వేళ్ళు చాచి దాన్ని అందుకున్నాడు. పదిహేను అయ్యాయని ఆవిడ రెండుసార్లు లెక్కపెట్టింది. నన్ను ఇనుప పెట్టెలో పెట్టి తాళం వెయ్యబోతుంటే ఆపింది.

"ఒక్క నిమిషమండీ. ఉద్వాసన చెప్పలేదు."

"ఇప్పుడా?"

"చెప్పకుండా పంపబట్టేగా ఇదంతా."

నాలుగు అక్షింతలు నా మీద వేసి, "యథాస్థానం" అని, నన్ను రెండు వేళ్ళతో ఈశాన్యం వైపు ఒకింత జరిపింది. 

తిరిగి వంతెన దాటాం. పదిన్నర అయింది, పదకొండయింది. కాశీ ఇంటి దగ్గర పాలగిన్నెతో ఎదురు చూస్తూ ఫోను చేస్తూనే ఉన్నాడు. అది పూజ పెట్టె పక్కన మోగి మోగి ఆగింది.

కొట్టులో గడ్డం మనిషి నన్ను తిప్పి చూస్తూ ఆగిపోయాడు. గాడిలోంచి బొటనవేలికి ఎర్రగా అంటింది. వేలు దీపం కింద పెట్టి చూశాడు. వీర్రాజు వైపు చూశాడు. అతని రెండో చెయ్యి బల్ల మీది ఫోను మీదికి వెళ్ళింది.

"ఇదేమిటి?"

 నది దాటి వచ్చాక కూడా మునిగిపోవచ్చని వీర్రాజు ముఖంలో కనబడింది. అప్పుడు తాయారు ముందుకొచ్చి, తన నుదుటి బొట్టు చూపించింది. గడ్డం మనిషి బొట్టుని చూశాడు, వేలిని చూసుకున్నాడు, నా మీద అంటుకున్న బియ్యపుగింజని గోటితో తీశాడు. ఫోను మీంచి చెయ్యి తీశాడు.

"ప్రార్థన చేశారా? దీనికా?"

"యస్" అంది తాయారు. "ఇంక చెయ్యను."

అతను చెప్పిన ధర కర్టిస్‌కి వచ్చిన దానికంటే తక్కువ. వీర్రాజు బేరమాడలేదు. ఇచ్చిన నోట్లు లెక్కపెట్టకుండా జేబులో పెట్టుకోవడం నేను చూడ్డం అదే మొదలు. గుమ్మం దాటుతూ ఆయన తాయారు చేతిలోంచి పూజ పెట్టె తీసుకున్నాడు. ఎంత తేలికగా ఉందో చూసుకుని, తనే మోసుకెళ్ళాడు.

ఇప్పుడు మళ్ళీ అద్దాల బీరువాలో ఉన్నాను. ఎదురుగా భయాలు వచ్చి నిలబడి, ధర అడిగి వెళ్తుంటాయి. వాటికి నేను చెప్పగలిగింది నా లెక్క ఒక్కటే. ఇంతవరకు పేలినవి నాలుగు వందల పదకొండు. ఇసుకలోకి, కాగితంలోకి, డబ్బాల్లోకి, ఒకటి పాము పక్కన మట్టిలోకి. మనిషి మీద సున్నా. నేను ఎవరి ప్రాణమూ కాపాడలేదు. ఒకరి ప్రాణాన్ని నాలుగుంపావు పౌన్ల దాకా, ఇద్దరి కాపురాన్ని జైలు వైపు పది మైళ్ళ దాకా తీసుకెళ్ళి వదిలేశాను. గడ్డం మనిషి ఎంత నూనె రాసినా గాడి చివర కాస్త కుంకుమ వదల్లేదు. పోయినవన్నీ తీసేస్తే మిగిలింది అది.