నోరు తిరగని మాట

ఆమె భర్తకు నోరు తిరగని మాటంటూ లోకంలో ఒక్కటే ఉంది. బాయిలర్, టర్బైన్, కండెన్సర్ లాంటివి నిద్రలో లేపి అడిగినా గడగడా చెప్పేవాడు. బొగ్గు కరెంటు ప్లాంటులో షిఫ్ట్ ఇన్‌చార్జి మరి. 'బూడిద' అనే మూడక్షరాల దగ్గరికొచ్చేసరికి మాత్రం పాపం నాలుక మడత పడేది. దుమ్ము అనేవాడు.

పెళ్ళయి క్వార్టర్స్‌లో అడుగుపెట్టిన కొత్తలో ఆమె కిటికీ గట్టు మీద వేలితో గీత గీసి చూపించింది. "ఏమండీ, ఇది మీ చిమ్నీ బూడిదేనండీ. పిండిలా ఎంత మెత్తగా ఉందో చూడండి. నేనూ కెమిస్ట్రీ చదువుకున్నానుగా."

"మా ప్లాంటు నుంచి అలాంటివేం రావోయ్, ఫిల్టర్లున్నాయి. ఇది ఉత్త దుమ్ము. రోజంతా ఇంట్లోనేగా ఉంటావు, తుడుచుకుంటే పోతుంది."

ఆ ఒక్క మాటతో లెక్క తారుమారైంది. బూడిదైతే ప్లాంటుది, దుమ్మైతే ఇల్లాలిది. అత్తగారు కుర్చీ చేతి మీద వేలు రాసి, ఆ వేలిని వచ్చినవాళ్ళకు చూపించేవారు. "మా కోడలు బాగా చదువుకుంది. తుడవడం ఒక్కటీ సిలబస్‌లో లేదట." వాళ్ళు నవ్వేవారు. కాఫీ కప్పులు అందిస్తూ ఆమే అందరికంటే ముందు నవ్వేసేది, ఆ పనీ తనదే అన్నట్టు. స్కూల్లో ల్యాబ్ చూసుకునే ఉద్యోగం ఇస్తామని కబురొచ్చినప్పుడు ఆయన గది నలుమూలలా చూసి, "ఇల్లే తుడుచుకోలేనిదానివి, ల్యాబేం చూసుకుంటావు?" అన్నాడు. సరదాకే అన్నాడు. ఆమె మాత్రం ఆ ఉద్యోగంలో చేరలేదు.

అయినా చిత్రం, ప్లాంటు మూతపడ్డాక ఆమెకే బెంగ పట్టుకుంది. ఆ హోరు ఆగిన రోజు ఇంట్లో గోడ గడియారం చప్పుడు మొదటిసారి వినపడింది. సైరన్ లేకపోతే పొయ్యి ఎప్పుడు వెలిగించాలో తోచేది కాదు. కూతురు అక్షరాలు దిద్దుకున్నది ఆ కిటికీ గట్టు మీదే. పొద్దున 'అ' రాస్తే సాయంత్రానికి దానంతటదే పూడిపోయి కొత్త పలక సిద్ధంగా ఉండేది. "నాన్నా, దుమ్ములో నా పేరు రాశా!" అని అరిచేది పిల్ల. తండ్రి మాటే వచ్చిందని ఆయన ముచ్చటపడేవాడు. ఆమె ఆ పేరు చెరగకుండా చుట్టూ తుడిచేది.

ఇప్పుడు బొగ్గు గుట్టలుండే చోట సోలార్ పలకలు పరిచారు. రిటైర్మెంట్ దగ్గరపడిన ఆయనకు వాటి బాధ్యత అప్పగించారు. పక్కనే ప్లాంటు బూడిదంతా నీళ్ళతో కలిపి వదిలిన చెరువు, ఇప్పుడు నీళ్ళెండిపోయిన యాష్ పాండ్. దాన్ని మాత్రం ఆయన ఇంగ్లీషులో నిక్షేపంగా పలికేవాడు. ఇంగ్లీషు యాష్ ఇంటిదాకా ఎగిరి రాదు కాబోలు.

ఓ సాయంత్రం గుమ్మంలోనే కూలబడ్డాడు. ఆమె అలవాటు కొద్దీ కిటికీ గట్టు తుడుస్తోంది.

"పొద్దున కడిగిస్తే మధ్యాహ్నానికి మళ్ళీ పొర. కరెంటు సగం కూడా రావట్లేదు. కొత్త మేనేజరమ్మ అందరి ముందూ అడిగేసింది, మీకు తుడిపించడం కూడా రాదా అండీ అని."

ఆమె చెయ్యి ఆగింది. "అయ్యో," అంది అమాయకంగా. "దుమ్మాండీ?"

లోపల్నుంచి అత్తగారు అందుకున్నారు. "దుమ్మైతే తుడుచుకుంటే పోతుంది కదరా! రోజంతా అక్కడేగా ఉంటావు."

"ఎంతని తుడుస్తామమ్మా? తుడవడం రాక కాదు. అలా పడుతూనే ఉంటే ఎవరు మాత్రం..."

మాట అక్కడ ఆగిపోయింది. ఆయన ఆమె చేతిలోని గుడ్డ వైపు చూశాడు. కళ్ళజోడు దగ్గర్నుంచి చుట్టాల పేర్ల దాకా, ఆయనకు ఏది దొరక్కపోయినా వెతికి చేతికిచ్చే మనిషి ఆమె. ఈసారి మాట అందించలేదు. గుడ్డ మడిచి గట్టు మీద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది. ఎంతసేపైనా సరే, ఆ మాట ఆయనే వెతుక్కోవాలి.

"అది దుమ్ము కాదమ్మా," అన్నాడాయన చివరికి, లోపలికి వినపడేలా. "బూడిద. అప్పుడు మనింట్లో పడిందీ బూడిదే. తనకి తుడవడం చేతకాక కాదు. నేనే తప్పు చెప్పాను."