పోయేదానికే ఆటో

ఓటెయ్యనోళ్లకు పింఛను ఆపేస్తారంట, వేలి మీద సిరా చూసే ఇస్తారంట. పెనుకొండ బస్సులో ఎవరో అనుకుంటుంటే చెవులారా విన్నానని యల్లక్క చెప్పిందని, పద్మావతి వచ్చి తిప్పమ్మకు చెప్పింది. యల్లక్క నోట్లో పడ్డ దూడ వీధి దాటేసరికి ఎద్దవుతుందని పల్లెలో అందరికీ తెలుసు. అయినా తిప్పమ్మ ఇంట్లో పొయ్యి రగిలేది ఆ పింఛనుతోనే. భయం పట్టుకుంది.

పల్లెలో బడి కప్పు కూలినప్పటి నుంచి పోలింగు ఎండిన వంక అవతలి పెద్దూరికి పోయింది. నాలుగు మైళ్లు. బస్సు లేదు. తిప్పమ్మకు మోకాళ్లు పట్టేసి ఏళ్లయింది. మొగుడు మల్లప్పకు పక్షవాతం. నోట్లో నీళ్లు పోసేది కూడా ఆమే.

ఓట్ల రోజు పొద్దున్నే పార్టీ ప్రసాద్ ఆటోతో వాకిట్లో దిగాడు.

"ఎక్కవ్వా. అట్లా ఏసి ఇట్లా వచ్చేస్తావు. తాత సంగతి మాపటికి చూద్దాం."

తిప్పమ్మ మొగుడికి రెండు గుక్కల నీళ్లు పట్టి, తలుపు దగ్గరికేసి ఎక్కింది.

ఓటు పడింది. బయటికొచ్చి ఆటో కమ్మీ పట్టుకుంటే డ్రైవర్ కిరణ్ ఆమె వేలు చూశాడు.

"సిరా పడినోళ్లను ఎక్కించుకోవద్దన్నారవ్వా. ఇంగా ఎయ్యాల్సినోళ్లకే ఆటో."

"మీ తాత ఒక్కడే ఉండాడు నాయనా. నీళ్లిచ్చే దిక్కు లేదు. ప్రసాదూ, నువ్వన్నా చెప్పప్పా!"

గేటు దగ్గరున్న ప్రసాద్ చెవి దగ్గర ఫోను తియ్యకుండానే, ఈగను తోలినట్టు చెయ్యి విసిరాడు. ఆటో ఖాళీగా కదిలింది.

అవతలి పార్టీ ఆటోవాడు అడిగాడు. "ఎవురికేసినావవ్వా?"

"మీకేనప్పా."

"పొద్దుట్నుంచి అందరూ మాకే ఏసినారు. ఇంగ మేం ఓడినట్టే!"

గేటు దగ్గరున్నవాళ్లు కడుపుబ్బ నవ్వారు. అతను కూడా నవ్వుతూనే వెళ్లిపోయాడు.

తిప్పమ్మ నడిచింది. వంకలో ఇసుక కాలుతోంది. తుమ్మచెట్టు కనబడిన చోటల్లా కూలబడింది, లేచింది. కిరణ్ ఆటో దుమ్ము రేపుతూ ఆమెను దాటుతూనే ఉంది. పెద్దూరి వైపు నిండుగా, పల్లె వైపు ఖాళీగా.

పొద్దు వాలుతుండగా ఇల్లు చేరితే, ఆ ఆటో ఆమె వాకిట్లోనే ఉంది. మల్లప్ప ఓటు కోసం వచ్చారు. ప్రసాద్ గడప దాటి బయటికొస్తూ ఫోన్లో అంటున్నాడు.

"లిస్టులో మల్లప్ప పేరు కొట్టేయబ్బా, పోయినాడు. పక్క వీధిలో ఎవురన్నా మిగిలినారేమో చూడు."

తిప్పమ్మ లోపలికి పోయింది. మల్లప్ప మంచం మీంచి సగం జారి ఉన్నాడు. ఆడే చెయ్యి ఒక్కటీ కడవ వైపు చాచి ఉంది. ఇంకో మూరెడు దూరం. ఆమె కొంగు తడిపి ఎండిన పెదాలు తుడిచింది.

వాకిట్లో జనం చేరారు. వాళ్లకు వినబడేటట్టు ప్రసాద్ గొంతు పెంచాడు.

"ఇంట్లో మనిషి ఇట్లుండాడని ఒక్క మాట చెప్పగూడదా అవ్వా? ఆటో పంపుదుం కదా!"

తిప్పమ్మ తల తిప్పలేదు.

"చెప్తి. నువ్వు ఫోన్లో ఉంటివి."