అమ్మమ్మ విసిరిన రాయి

పులిహోర ఏడుగురికి సరిపోవాలి గానీ మిగలకూడదు. జీడిపప్పు కంటికి కనపడాలి గానీ దుబారా చేసినట్టుండకూడదు. గారెలు పాకంలో నానాలి గానీ విరిగిపోకూడదు. "అనకాపల్లి వచ్చి బెల్లం గారెలు తినకుండా వెళ్తే మన పరువేం గాను?" అన్నాడు త్రినాథ్. పరువు ఆయనది, పాకం బిందుమాధవిది. అయినా ఆవేళ ఆమెకి విసుగు రాలేదు. "ఈసారి బొజ్జన్నకొండకి నువ్వూ వద్దువుగాని. కార్లో డ్రైవర్ కాకుండా ఆరుగురు పడతారు. వచ్చే అతిథులు నలుగురు, నేను, నువ్వు" అని మూడు రోజుల కిందట ఆయనే నోరారా అన్నాడు మరి. ఆ మాట పట్టుకునే తెల్లారకముందే లేచి మినప్పప్పు రుబ్బింది, నీలం నేత చీర ఇస్త్రీ చేసుకుంది, కొండ మెట్లకి జారకుండా పాత బూట్లు కూడా వెతికి తీసి పెట్టుకుంది.

శారదానది ఒడ్డున చెరకు పొలాలు చదును చేసి ప్రైవేటు యూనివర్సిటీ కట్టాక ఊరి తీరే మారిపోయింది. వీధి వీధికీ హాస్టళ్లు, అద్దె బైకులు, ఏ వేళప్పుడు చూసినా నూడుల్స్ వాసన. శనివారం వస్తే చాలు, పిల్లలంతా తంతడి బీచికనీ కొండకర్ల ఆవ చెరువులో పిట్టల్ని చూడ్డానికనీ బిలబిలమంటూ బయల్దేరతారు. కొత్తగా చేరిన ప్రతి పిల్లకీ పిల్లాడికీ యూనివర్సిటీ వాళ్లు ఒక చిన్న పుస్తకం ఇస్తారు. ఈ ఊరేమిటి, చుట్టుపక్కల చూడాల్సినవేమిటి, ఎలా వెళ్లాలి, అన్నీ ఉంటాయందులో. అట్ట మీద త్రినాథ్ పేరుంటుంది. ఆయన అక్కడ బిజినెస్ మేనేజ్‌మెంట్ చెబుతాడు. లోపలున్న ప్రతి వాక్యం బిందుమాధవి రాసింది. ఆమె చదివింది హిస్టరీ ఎం.ఏ. పెళ్లికి ముందు డిగ్రీ కాలేజీలో రెండేళ్లు పాఠాలు చెప్పింది. "ఖాళీగా ఉన్నావు కదా, నాలుగు ముక్కలు రాసి పెట్టు" అన్నాడాయన మొదటిసారి. ఖాళీ! అత్తగారి షుగరు మందులకీ, ఆయన క్యారేజీకీ, సాయంత్రం వచ్చే కుళాయి నీళ్లకీ మధ్య ఎక్కడుందో ఆ ఖాళీ, ఆమెకైతే ఇప్పటిదాకా కనపడలేదు.

అసలు సంగతి చెప్పనే లేదు. తను రాసినవాటిలో ఆమె కళ్లతో చూసింది ఒక్కటీ లేదు. బౌద్ధుల గుహలున్న బొజ్జన్నకొండ ఇంటికి నాలుగంటే నాలుగు కిలోమీటర్లు. పదకొండేళ్ల కాపురంలో ఒక్కసారి ఎక్కలేదు. ఒకసారి అత్తగారికి బీపీ, ఒకసారి ఆడపడుచు పురుడు, ఒకసారి "ఆడవాళ్లు రావట్లేదు, నువ్వొక్కదానివీ ఏం బాగుంటుంది?" పాత పుస్తకాలు చదివి, ఫొటోలు చూసి, ఫోన్‌లో వీడియోలు ఆపి ఆపి చూసి, ఏ గుహలో ఏముందో, ఎన్ని మెట్లెక్కితే ఏం కనపడుతుందో మనసులో కట్టుకుంది. అతిథులొచ్చినప్పుడల్లా త్రినాథ్ చెవిలో బ్లూటూత్ పెట్టుకుని కొండ దగ్గరికెళ్తాడు. ఇక్కడ వంటింట్లో గిన్నెలు తోముతూ ఈమె చెబుతుంది. అక్కడ ఆయన అదే మాట పైకంటాడు. సార్ ఎంత బాగా చెబుతారో అని ఊరంతా చెప్పుకుంటుంది.

ఎనిమిదింటికి కారొచ్చింది. బిందుమాధవి చీర కట్టుకుని, బూట్లు చేత్తో పట్టుకుని గుమ్మంలోకొచ్చేసరికి డ్రైవర్ సత్తియ్య వెనక రెండు సీట్లలో ఒకటి మడిచేస్తున్నాడు. పులిహోర గిన్నె, గారెల డబ్బా, నీళ్ల క్యాన్లు అక్కడ కూర్చున్నాయి.

"ఏమనుకోకు బిందూ. ఒలికిపోతే మళ్లీ చెడ్డపేరు. అయినా నువ్వు ఇంట్లో ఉంటేనే నయం, అక్కడ ఎండలో ఫోన్‌లో నీ మాట సరిగ్గా వినపడదు" అన్నాడు త్రినాథ్. ఎండకీ ఫోన్‌కీ సంబంధమేమిటో అడిగేలోపే కారు వీధి మలుపు తిరిగింది.

అత్తగారు అప్పలనర్సమ్మ వరండాలో కూర్చుని చూస్తూనే ఉంది. "ఏటే, అలా నిలబడిపోనావు? కొండేటి సూత్తావే, రాళ్లు. నాను పుట్టి బుద్దెరిగి ఎక్కనేదు. ఏటైపోనాను?" అంది. బిందుమాధవి లోపలికెళ్లి చీర విప్పి పాత చీర కట్టుకుంది. కళ్లనీళ్లు వచ్చాయి, పాకం గిన్నె తోముతుంటే వాటంతటవే ఆరిపోయాయి.

గంటకల్లా ఫోన్. "మెట్ల మీదున్నాం. మొదలెట్టు." ఆమె చెప్పింది. కొండనే తొలిచి గుహలు చేశారని, ఎదురుగా ఉన్న లింగాలకొండ మీదివి లింగాలు కావు, రాతిలో చెక్కిన చిన్న చిన్న స్తూపాలని. ఆయన ఆయాసపడుతూ అప్పజెప్పాడు. అంతలో హైదరాబాదు నుంచి వచ్చిన ప్రొఫెసర్ కుమారి గొంతు వినపడింది. "రాళ్లు విసిరేవారని పుస్తకంలో రాశారు కదా. ఎందుకండీ?"

చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం తటపటాయించింది బిందుమాధవి. ఎందుకన్నది పుస్తకంలో రాయలేదు తను; ఇంటి సంగతది. కానీ అడిగింది ఆడమనిషి, అడిగిన తీరు బాగుంది. చెప్పేసింది. "వెనకటికి కనుమనాడు ఇక్కడ తీర్థమయ్యేది. ఓ విగ్రహాన్ని రాక్షసుడనుకుని రాళ్లు విసిరేవారు. మా అమ్మమ్మ, ఆవిడ పేరు సింహాచలం, తొమ్మిదేళ్లప్పుడు వచ్చిందట. వాళ్ల నాన్న చేతిలో రాయి పెట్టి కొట్టమన్నాడు. సరిగ్గా పొట్టకి తగిలింది, అందరూ చప్పట్లు కొట్టారు. ముసలిదయ్యాక, 'అది బుద్ధుడు అమ్మమ్మా' అని నేను చెప్తే రెండు పూటలు అన్నం ముట్టలేదు. 'ఊరక కూకున్నోణ్ణి కొట్టేనేటే నాను' అని ఏడిచింది."

అటువైపు త్రినాథ్ గొంతు సవరించుకున్నాడు. "మా అమ్మమ్మండీ..." అని మొదలెట్టాడు. తొమ్మిదేళ్లు, వాళ్ల నాన్న, రాయి, చప్పట్లు, అన్నం, ఏడుపు. ఒక్క మాట పోనివ్వలేదు. చివర్లో గొంతు కూడా వణికించాడు. "అయ్యో" అంది కుమారి. ఎవరో ముక్కు చీదారు.

బిందుమాధవి చేతిలో గిన్నె సింకులో పడింది. వాక్యాలు తీసుకున్నాడు, సరే. పేరు తీసుకున్నాడు, సరే. అమ్మమ్మని కూడానా!

"అత్తయ్యా, మీ అమ్మగారు ఎప్పుడైనా బొజ్జన్నకొండకి వెళ్లారా?"

"మాయమ్మా? ఎలమంచిలి దాటి ఎప్పుడెల్లిందే ఆవిడ? ఇప్పుడూ అక్కడే ఉంది గదా, టీవీ ముందర. ఏటలగ అడుగుతన్నావు?"

చెవిలో ఆయన "హలో, హలో" అంటున్నాడు. బిందుమాధవి ఫోన్ పెట్టేసింది. చేతులు తుడుచుకుని, ఆ పాత చీరతోనే, బూట్లేసుకుని రోడ్డు మీదికొచ్చి ఆటో ఆపింది. పావుగంట! పదకొండేళ్ల దూరమంతా కలిపి పావుగంట ప్రయాణం. ఆటోలో కూర్చున్నాక నవ్వొచ్చింది ఆమెకి, నవ్వుతూ ఉంటే దవడలు నొప్పెట్టాయి.

కొండ కింద చెట్టునీడలో అందరూ పులిహోర తింటున్నారు. ఎండ ముదిరిందని కొండ మీది స్తూపం దాకా ఎక్కకుండానే దిగిపోయారని సత్తియ్య చెప్పాడు. త్రినాథ్ ఆమెని చూసి లేచి నిలబడ్డాడు. "మా మిసెస్ అండీ. ఏదో మర్చిపోయాం, తెచ్చినట్టుంది."

"ఏం తేలేదండీ," అంది బిందుమాధవి, కుమారి కళ్లలోకి చూస్తూ. "ఆ రాయి విసిరినావిడ మా అమ్మమ్మ. ఆయన అమ్మమ్మ కాదు. ఆ సంగతి చెప్పడానికొచ్చాను."

కుమారి విస్తరి పక్కన పెట్టేసింది. త్రినాథ్ మాత్రం పకపకా నవ్వాడు. "భార్యాభర్తలం! ఎవరి అమ్మమ్మయితే ఏంటండీ?" మిగతా ముగ్గురు మగవాళ్లూ నవ్వారు. ఒకాయన ఇంకో గారె అందుకున్నాడు. ఒంటి మీద బట్టలు లాగేసినట్టయింది బిందుమాధవికి. వెనక్కి తిరిగి మెట్లవైపు నడిచింది.

మెట్లు ఆమె అనుకున్నదానికంటే ఎత్తుగా ఉన్నాయి. గుహలో గబ్బిలాల కంపు కొట్టింది, ఏ పుస్తకంలోనూ రాయలేదు ఆ సంగతి. బుద్ధుడి ముందు నిలబడింది. అమ్మమ్మ తరపున దణ్ణం పెట్టింది. ఇంకా పైకెక్కింది. పైన గాలి ఈడ్చి కొట్టింది. స్తూపం చుట్టూ తిరిగి చూస్తే ఎటు చూసినా చెరకు పచ్చదనం, దూరంగా యూనివర్సిటీ తెల్ల గోడలు. తను రాసినదాంట్లో మూడు పేజీలు తప్పని తెలిసింది. ఆమెకి సిగ్గనిపించలేదు, ఆకలేసింది.

ఫోన్ మోగింది. కింద చెట్టు దగ్గర చిన్నగా త్రినాథ్ కనపడుతున్నాడు, పక్కన తలెత్తి చూస్తూ అతిథులు. గొంతు బాగా తగ్గించాడు.

"బిందూ, గొడవ తర్వాత చూసుకుందాం. పైనేముందని అడుగుతున్నారు. తొందరగా చెప్పు, ఏముంది అక్కడ?"

"ఎక్కి చూసుకోండి," అంది బిందుమాధవి.