ఇరవై తొమ్మిదో రోజు నెలవంక

జడ్చర్లలో బట్టల దుకాణం నడిపే పీర్ మహమ్మద్‌కు ఆకాశమంతా తన పేరిట పట్టా అయినట్టే లెక్క. కనీసం ఆయన అలాగే అనుకునేవాడు. పడుచుతనంలో హైదరాబాదు జుమ్మెరాత్ బజారులో చుక్కలు చూసే ఇత్తడి దుర్బీను ఒకటి కొనుక్కొచ్చాడు. గడ్డం నెరిసినా, దుకాణం కట్టేసి అన్నం తినగానే మిద్దె ఎక్కడం మాత్రం మానలేదు. వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు. ఏ చుక్క ఏ నెలలో ఎటు పొడుస్తుంది, దాని అరబ్బీ పేరేమిటి, తెలుగు పేరేమిటి, ఓపిగ్గా చెప్పేవాడు. మధ్యలో ఎవరైనా ఆవలిస్తే, పాపం, వాళ్ళకోసం మళ్ళీ మొదటినుంచి చెప్పేవాడు.

ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళలో చివరికంటా నిలిచింది కురుమయ్య ఒక్కడే. బస్టాండులో కంట్రోలరు. కల్వకుర్తి బస్సు, నాగర్‌కర్నూల్ బస్సు అని పొద్దంతా కేకేసి గొంతు సానబెట్టుకున్న మనిషి. చుక్కల పేర్లు సగం మరిచిపోతాడు. మరిచిపోయిన చోట కథ అల్లేస్తాడు. సప్తర్షులను చూపించి, అది ముసలవ్వ మంచమనీ, ఎత్తుకుపోతున్న దొంగలు వీళ్ళనీ, అవ్వ ఇంకా నిద్రలేవలేదనీ చెబుతుంటే జనం కడుపు పట్టుకుని నవ్వేవాళ్ళు. కళ్ళు మాత్రం గద్ద కళ్ళు. దుర్బీను లేకుండానే ఏ చుక్కనైనా దొరకబట్టేవాడు.

ఇంకేముంది, జనం నెమ్మదిగా కురుమయ్య వాకిట్లో చాపలు పరుచుకోవడం మొదలుపెట్టారు. వీధి చివరినుంచి ఆ నవ్వులు వినబడుతుంటే మిద్దె మీద ఒంటరిగా నిలబడ్డ పీర్ మహమ్మద్‌కు ఒళ్ళు మండిపోయేది. తాను పెట్టిన భిక్ష అది. తప్పుల తడకగా చెప్పేవాడికి అంత మందా? సరిగ్గా చెప్పేవాడికి గోడమీది పిల్లి కూడా దిక్కులేదా? అసూయ అనే మాట ఆయన ఒప్పుకోడు గానీ, అది అసూయే.

ఒక్క పని మాత్రం ఇంకా ఆయన చేతిలోనే ఉంది. రంజాన్ ఇరవై తొమ్మిదో రోజు సాయంత్రం నెలవంక కనబడితే మర్నాడు పండగ, లేకపోతే ఇంకొక రోజా, అంటే మరో ఉపవాసం. ఊరి మసీదు మీదికెక్కి చూసి చెప్పేది పీర్ మహమ్మదే. ఆయన మాటే సాక్ష్యం. కురుమయ్య ఏటా దుర్బీను స్టాండు మోసుకుని వెంట వెళ్ళేవాడు. ముస్లిం కాదు కనుక అతను చూసినా మసీదుకు ఆ సాక్ష్యం చెల్లదు.

ఎనభై అయిదులో ఆ సాయంత్రం మృగశిర కార్తెలో వచ్చింది. పడమర నిండా మబ్బులు. మగ్రిబ్ నమాజు కాగానే ఇద్దరూ మసీదు మీదికి వెళ్ళారు. కింద ఆవరణలో జనం తలలు పైకెత్తి నిలబడ్డారు. ఇళ్ళు అడ్డం గనుక వాళ్ళకు పడమటి అంచు కనబడదు.

మబ్బుల మధ్య కాస్త సందు విచ్చుకుంది.

"అన్నా," అన్నాడు కురుమయ్య చెవి దగ్గర, బస్టాండు గొంతంతా మింగేసి. "అగో, గా మిల్లు పొగగొట్టం మీద జానెడెత్తున. జర ఎడమకు. నువ్వు చూసి నువ్వే చెప్పు."

పీర్ మహమ్మద్ దుర్బీను తిప్పాడు. ఉంది. గోటితో గీరినంత సన్నగా, ఏ అనుమానమూ లేకుండా ఉంది. సంతోషంతో కేక వేయబోయాడు.

సరిగ్గా అప్పుడే కింద నుంచి మసీదు పెద్ద తాజుద్దీన్ అరిచాడు. "పీర్ సాబ్! జర కురుమయ్యను అడుగుండ్రి, ఆయనకేమన్న కనబడ్తాందా?"

పీర్ మహమ్మద్ దుర్బీను మీంచి ముఖం తిప్పేశాడు. ఇక్కడ కూడానా? అల్లా ఇంటి మీద కూడా వీడినే అడగాలా?

"లేదు!" అని అరిచాడు పీర్ మహమ్మద్. "ఏం లేదు!"

"అన్నా, మల్లొకపారి చూడు..."

"మబ్బు అంచు అది. వెలుతురు తగిల్తె గట్లనే మెరుస్తది. ఇన్నేండ్ల సంది నేర్పుతున్న, గిది గూడ తెల్వదా?"

సందు మూసుకుపోయింది. రాజధానిలోనూ మబ్బేనట. ఎక్కడా కనబడలేదని రేడియో చెప్పింది.

మర్నాడు పండగని ఊళ్ళో తెలిసింది ఆయనకొక్కడికే. పండగనాడు రోజా ఉండకూడదనీ తెలుసు. తెల్లవారకముందే భార్య షరీఫున్నీసా జ్వరంతోనే లేచి, "ఒక్క దినమే గద, ఉంట" అంటూ గోడ పట్టుకుని వంటింట్లోకి నడిచింది. ఆయన తల వంచుకుని రొట్టె నమిలాడు.

ఆ సాయంత్రం వాన దంచికొట్టింది. ముప్పై రోజాలూ నిండాయి కనుక చంద్రుణ్ణి చూడాల్సిన పనే లేకపోయింది.

పండగ పొద్దున కురుమయ్య గొడుగు వేసుకుని వచ్చాడు. పీర్ మహమ్మద్ లేచి కుర్చీ వేశాడు. ఇప్పుడు అడుగుతాడు, నలుగురిలో నిలదీస్తాడు. ఏం చెప్పాలో రాత్రంతా కూడబలుక్కునే ఉన్నాడు.

కురుమయ్య షీర్ ఖుర్మా గిన్నె చేతిలో పట్టుకుని కూర్చున్నాడు గానీ చెంచా ముట్టలేదు.

"అన్నా, మొన్నటి సంది మనసు మనసుల లేదు. మబ్బును పట్టుకొని నెలవంక అంటి. నువ్వు లేకుంటె ఊరందరితోని ఒక రోజా ఎగ్గొట్టిస్తుంటి గద! ఇగ చుక్కలు చూపెట్టుడు బంద్ చేసిన. కండ్లే మోసం చేస్తుంటె ఏం మొఖం పెట్టుకొని చెప్పాలె? అందర్ని నీ మిద్దెకే పొమ్మన్న."

పీర్ మహమ్మద్ అతని ముఖంలోకి చూశాడు. అతను అబద్ధమాడటం లేదు. తన కళ్ళను కాదని ఈయన మాటను నమ్మాడు. నీ కండ్లు బంగారం తమ్మీ, నువ్వు చూసింది చంద్రుణ్ణే అనే మాట ఆయన గొంతుదాకా వచ్చింది.

పరదా వెనకనుంచి షరీఫున్నీసా గొంతు వినబడింది. ఇన్నేళ్ళ కాపురంలో ఒక్కనాడూ మిద్దె ఎక్కి చుక్క చూడని మనిషి.

"కురుమయ్య వచ్చిండా? పండుగ పూట ఏదన్న చుక్కల కత చెప్పరాదె తమ్మీ, పానం లేసొస్తది."

పీర్ మహమ్మద్ గొంతులోని మాట మింగేశాడు.

"ఒకపారి కండ్ల దవాఖానల చూపిచ్చుకో," అన్నాడు.

కురుమయ్య తల ఊపి, రేపే పాలమూరు పోతానన్నాడు.