కాకిడేగ సంతు

ఉమ్మ్ నాసర్‌కు చూపు లేదు గానీ కోడి సంగతిలో ఆమె దగ్గర ఎవరి ఆటలూ సాగవు. ప్రతి శుక్రవారం సాయంత్రం అసర్ నమాజు అయ్యాక, సౌదీలో అల్ ఖర్జ్ శివార్లలోని తమ తోటలో ఖర్జూరం చెట్ల కింద చాప వేయించుకుని కూర్చుంటుంది. గులాం మొహిద్దీన్ ఒక్కో కోడినీ తెచ్చి ఆమె ఒళ్ళో పెడతాడు. ఆమె ముందు రొమ్మెముక తడుముతుంది, తరువాత తొడలు, తరువాత కాలివేళ్ళు. ఆఖరికి కోడిని మొహం దాకా ఎత్తుకుని, దాని వీపుకు చెవి ఆనించి ఊపిరి వింటుంది. లోపల గరగర వినిపించిందా, ఆ కోడికి ఆ ఇంట్లో నూకలు చెల్లినట్టే.

షుగరు జబ్బు ఆమె కళ్ళను పదేళ్ళుగా కొద్దికొద్దిగా తినేసింది. భర్త అబూ నాసర్ బడిపంతులుగా చేసి రిటైరయ్యాడు. మొహిద్దీన్‌కు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ ఆయనే. జమ్మలమడుగు నుంచి తొమ్మిదేళ్ళ కింద డ్రైవరుగా వచ్చిన మొహిద్దీన్, వచ్చిన వారానికే నోరు ఊరుకోక, "మీ కోళ్ళకు కండ ఉంది గానీ కాళ్ళలో బలం లేదు బాబా" అన్నాడు. తెలిసినవాడివి నువ్వే చూసుకో అని కఫీల్ కోళ్ళను అతనికి అప్పగించాడు. అలా కారు తాళాలతో పాటు కోళ్ళ గూళ్ళూ అతని మెడకు చుట్టుకున్నాయి. చుట్టుకున్నాయని తోటి పనివాడు భోజన్న దగ్గర సణిగేవాడు గానీ, ఆ పని లేకపోతే మొహిద్దీన్‌కు ఒక్క పూట తోచదు.

అవి అసీలు జాతి కోళ్ళు. ఎత్తయిన కాళ్ళు, బిగువైన ఒళ్ళు, చేతికి రాయిలా తగిలే బరువు. కోపం మాత్రం ముక్కు మీదే. ఆ ఒడ్డూ పొడుగూ ఉండి, గుణం మాత్రం సాధువుగా ఉండే కోడి కావాలని కఫీల్ కోరిక. చూపులేని భార్య మొహానికి ఆనించుకునే కోడి మరి ఎలా ఉండాలి? అందుకే ఆరేళ్ళుగా మొహిద్దీన్ ఏటేటా పిల్లలు పొదిగించి, ఎదిగాక ఏరుతున్నాడు. మనిషి మీదికి ఎగిరినది వంటింటికి, ఊపిరిలో గరగర ఉన్నది వంటింటికి. వందలో పది నిలిస్తే గొప్ప. "కోడిజాతిని పెంచేది గింజలు గాదురా, కత్తి" అనేవాడు అతని తండ్రి దస్తగిరి. పెన్న ఒడ్డున నలభై ఏళ్ళు పుంజులు పెంచిన మనిషి ఆయన.

ఆరేళ్ళకు ఫలితం దక్కింది. పోయినేడు ఒక పుంజు తేలింది. నాలుగు కిలోల పైన తూగేది, ఒళ్ళో పెడితే కళ్ళు మూసుకునేది. ఉమ్మ్ నాసర్ దానికి హాదీ అని పేరు పెట్టింది. అరబ్బీలో నెమ్మదైనవాడని అర్థం. ఈ ఏడు మొదటిసారి దాన్ని నాలుగు మంచి పెట్టల్లో వదిలారు.

ఇక్కడే మొహిద్దీన్ తప్పు చేశాడు.

దస్తగిరి పోయాక తమ్ముడు ఫయాజ్ ఇంటి పుంజులన్నిటినీ అమ్మేశాడు. మొహిద్దీన్ సెలవుకు వెళ్ళినప్పుడు కొన్నవాడి కాళ్ళావేళ్ళా పడి తొమ్మిది గుడ్లు తెచ్చుకుని, మేజోళ్ళలో చుట్టి, సంచిలో పెట్టుకుని విమానం ఎక్కాడు. రెండే పిల్లలయ్యాయి, బతికింది ఒక్కటే. నలుపులో ఎరుపు, కాకిడేగ. నడక అచ్చం నాన్న పుంజుల నడకే. అయితే ఒక చెడ్డగుణం వచ్చి పడింది. ఎంత కోపిష్టి అసీలైనా తోటి పుంజు మీదే చూపిస్తుంది, యజమాని చేతిలో ఒదిగి ఉంటుంది. కాకిడేగకు తన, పర తేడా లేదు. ఫిబ్రవరిలో నీళ్ళ ట్యాంకరు డ్రైవరు తొడ చీరేసింది. "శుక్రవారం లోపల ఇది కుండలో ఉండాలి" అన్నాడు కఫీల్.

సరే బాబా అన్నాడు మొహిద్దీన్. కోయవలసిన రోజు మధ్యాహ్నం, మొగుడూ పెళ్ళాం పడుకున్న వేళ, హాదీని బయటికి తీసి, ఆ నాలుగు పెట్టల గూట్లో కాకిడేగను వదిలాడు. అసర్ బాంగు దాకా ఉంచాడు. తరువాత తన చేత్తోనే బిస్మిల్లా చెప్పి దాన్ని కోశాడు. నాన్న పుంజు ఆనవాలు లేకుండా పోతుందే అన్న బెంగ తప్ప అప్పుడు అతని బుర్రలో ఇంకేమీ లేదు.

ఒక్కసారి పుంజు తొక్కితే పెట్ట రెండు మూడు వారాలు ఆ పుంజు గుడ్లే పెట్టవచ్చని అతనికి తెలియదా? తన పేరు తెలిసినంత బాగా తెలుసు. హాదీని తిరిగి లోపలికి తోలి, ఆ మూడు వారాల గుడ్లూ కలిపి పొదిగే మిషన్లో పెట్టాడు. పదిహేడు పిల్లలు నిలిచాయి. ఆగస్టు ఎండకు హాదీ ఒక మధ్యాహ్నం నోరు తెరిచి పడిపోయింది, మళ్ళీ లేవలేదు. ఉమ్మ్ నాసర్ రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. ఆమెకిక హాదీ అంటే ఆ పదిహేడు పిల్లలే. వాటిలో ఏది ఎవరి బిడ్డో ఆ పైవాడికే తెలియాలి.

ఎదిగేదాకా పిల్లల్ని ఆమె ఒళ్ళో పెట్టడం అలవాటు లేదు; నవంబరుకు అవి ఎదిగాయి. వచ్చే శుక్రవారం వాటిని ఒక్కొక్కటే చూసి, మందకు కొత్త పుంజును ఎంచుతానంది ఆమె. బుధవారం పొద్దున మొహిద్దీన్ గింజలు వేస్తుంటే, అన్నిటికన్నా పెద్ద పుంజుపిల్ల మెడ ఈకలు రిక్కించి, ఒక్క అడుగు వెనక్కి వేసి, ఎగిరి అతని మణికట్టు మీద పొడిచింది. ఆ వెనకడుగు నాన్న పుంజుల వెనకడుగే. మొహిద్దీన్‌కు ముందు సంతోషం పొంగుకొచ్చింది. నెత్తురు తుడుచుకుంటూ నవ్వాడు కూడా. ఉమ్మ్ నాసర్ మొహం గుర్తొచ్చాక గానీ నవ్వు ఆగలేదు.

తోటలో మోటార్లు, ఖర్జూరం చెట్లు చూసుకునే భోజన్నది నిర్మల్ పక్క ఊరు. ఇద్దరూ ఒకే గదిలో వండుకుంటారు. ఆ మధ్యాహ్నం అన్నం ముందు మొహిద్దీన్ అంతా చెప్పాడు.

"నీకేమన్న పిస లేసిందా మొయిద్దీన్ భాయ్?" అన్నాడు భోజన్న. "గంత తెలిసినోనివి, గిదేం పనయ్యా?"

"అయిపోయింది గదన్నా. ఇప్పుడేం జెయ్యాలో చెప్పు."

"చేసుడేముంది. ఆ పొడిసిన దాన్ని కోసి పారెయ్యి. పిల్లి ఎత్కపోయిందని చెప్పు. ఎవలికి తెలుస్తది?"

"ఆ ఒక్కటే అయితే కోసేద్దును. మిగతా పదార్లో దాని బిడ్డలెన్నుండాయో? రేపు ఆయమ్మ కన్నుకాడ పొడిస్తే?"

"ఆమెకు కండ్లు ఎట్లా..." అనబోయి భోజన్న తన మాటకు తనే సిగ్గుపడి కూర కలుపుకున్నాడు. కలుపుతూనే అన్నాడు. "చెప్తే ఖురూజ్ ముద్ర కొట్టి ఇంటికి పంపుతరు. మళ్లెవలు తోల్కపోతరు నిన్ను? పిల్లల సదువులున్నయి నీకు. ఊకో."

గురువారమంతా మొహిద్దీన్ తనే పరీక్ష పెట్టుకున్నాడు. పదిహేడింటినీ ఒక్కొక్కటిగా పట్టాడు, కదిపాడు, చేయి అడ్డం పెట్టి ఉడికించాడు. ఒక్కటంటే ఒక్కటీ పొడవలేదు. నిన్న నెత్తురు కళ్ళచూసిన పుంజు కూడా చంకలో బుద్ధిగా కూర్చుంది. కోడి గుణం రోజూ బయటపడేది కాదు. పడిననాడు ఎవరి మొహం ఎదురుగా ఉంటే వాళ్ళ ఖర్మ. ఈ మాట కూడా దస్తగిరిదే.

శుక్రవారం చాప వేశారు. అబూ నాసర్ కావా కాఫీ పోసుకుని భార్య పక్కన కూర్చున్నాడు. ఆమె చేతులు చాచి, "పెద్దవాడిని ముందు తీసుకురా మొహిద్దీన్, బాగా ఎదిగాడట కదా" అంది.

మొహిద్దీన్ ఖాళీ చేతులతో వచ్చి చాప ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "ఖాలా, ఇవి హాదీ పిల్లలో కాదో నేను చెప్పలేను" అన్నాడు. తనకొచ్చిన అరబ్బీలో ఆ మధ్యాహ్నం సంగతి మొదటి నుంచి చివరి దాకా చెప్పాడు. దాచిందేమీ లేదు, బుధవారం పొడిస్తే సంతోషం కలిగిందన్న మాటతో సహా చెప్పాడు. "అన్నిటినీ కోసేయమంటే కోసేస్తాను" అని ముగించాడు.

అబూ నాసర్ కావా గిన్నె చాప మీద పెట్టేశాడు. "ఆరేళ్ళు! ఈమె చెవి దగ్గర పెట్టుకునే కోళ్ళని తెలిసి కూడానా? నీ పాస్‌పోర్టు ఎక్కడుందో చూసుకో. రేపే ఖురూజ్ వేయిస్తాను."

మొహిద్దీన్ తల వంచుకున్నాడు. అతనికి కోపం రాలేదు. ఆ మాట తను కాచుకున్నదే.

ఉమ్మ్ నాసర్ చాచిన చేతులు ఒళ్ళోకి తీసుకుంది. తరువాత, "అన్నిటినీ తీసుకురా" అంది.

"వద్దు ఖాలా. మీ మొహం దగ్గరికి ఒక్కదాన్ని కూడా తేను."

"నా మొహమని ఎవరన్నారు? నేను చెవి ఆనించినట్టే నువ్వు ఆనించు. నాకు వినబడేలా ఇక్కడే కూర్చుని చెయ్యి."

భోజన్న గంపలు మోసుకొచ్చాడు. మొహిద్దీన్ చాప అంచున కూర్చుని, కళ్ళు గట్టిగా మూసుకుని, మొదటి కోడి వీపుకు చెవి ఆనించాడు. దాని గుండె దడదడలాడుతోంది, అంతకన్నా ఎక్కువగా అతనిది. "ఊపిరి?" అని అడిగింది ఆమె. "శుభ్రంగా ఉంది ఖాలా." రెండోది, మూడోది. అయిదోది ఆ పెద్ద పుంజు. చెవి ఆనించాడో లేదో మెడ తిప్పి కనుబొమ మీద ముక్కు దిగేసింది. పక్కన భోజన్న "అయ్యో" అన్నాడు. మొహిద్దీన్ దాన్ని విసిరికొట్టలేదు. నెమ్మదిగా వేరే గంపలో పెట్టి, ఆరోదాన్ని అందుకున్నాడు. పన్నెండోది ఒక పెట్ట, చెవితమ్మె చీల్చింది. మిగిలినవి ఏమీ అనలేదు.

"ఎన్ని?" అంది ఆమె.

"రెండు ఖాలా. అయినా మిగతావి మంచివని కాదు. ఈ రోజు పొడవనిది రేపు పొడవవచ్చు."

"తెలుసు. అందుకే ఇక నుంచి ప్రతి శుక్రవారం ప్రతి కోడీ ముందు నీ మొహం దగ్గరికి, తరువాత నా దగ్గరికి. ఇవి పెట్టే పిల్లలూ అంతే, వాటి పిల్లలూ అంతే." భర్త వైపు తిరిగింది. "నా కన్నా ముందు మొహం పెట్టే మరో మనిషిని వెతుక్కోవడం నా వల్ల కాదు. ఇతన్ని ఎక్కడికీ పంపొద్దు."

అబూ నాసర్ ఏదో అనబోయి, మొహిద్దీన్ చెంప మీదుగా కారుతున్న నెత్తురు చూసి, లేచి దూది కోసం ఇంట్లోకి వెళ్ళాడు. ఆమె చేయి చాచి మొహిద్దీన్ నుదురు తడిమి, గాయం ఎంత లోతో వేలి కొసతో చూసుకుంది. అప్పుడు ఏడుపు ఆపుకోలేకపోయాడు అతను. నలభై ఆరేళ్ళ మనిషి చాప మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"ఒకటి చెప్పు. మీ నాన్న పుంజని ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

"కోడి కోసం కఫీల్ మాటకు ఎదురు చెప్తానా ఖాలా? పనివాణ్ణి."

"అడిగి ఉంటే గోడ అవతల వేరే గూడు కట్టించి ఉంచేదాన్ని. బతికి ఉండేది కదా."

ఆ మాట కనుబొమ మీద గాయం కంటే లోతుగా దిగింది. అడిగితే సరిపోయేది. తొమ్మిదేళ్ళు ఆ ఇంటి ఉప్పు తిని, ఒక్క మాట అడగవచ్చని అతనికి తోచలేదు. నాన్న పుంజును తన కత్తితో తనే కోసుకున్నాడు.

పక్క గంపలో ఆ రెండూ, పుంజూ పెట్టా, కదలకుండా కూర్చున్నాయి. వాటిని ఏం చేయాలో అందరికీ తెలిసిందే. భోజన్న అప్పటికే కత్తి కోసం వంటగది వైపు నాలుగడుగులు వేశాడు.

"ఆగన్నా" అన్నాడు మొహిద్దీన్. కళ్ళు తుడుచుకుని ఆమె వైపు తిరిగాడు.

"ఖాలా, ఇప్పుడు అడుగుతున్నాను."

ఉమ్మ్ నాసర్ గంప ఉన్న వైపుకు తల తిప్పింది.

"గోడ అవతల" అంది. "తాళం వేయాలి. తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. రోజూ పొద్దున వచ్చి అడిగి తీసుకో."