నుదురు దిద్దని పెళ్లి

సంత నిండిన వేళ చూసి మరీ పట్టుకొచ్చారు వాళ్లను. చేపల అంగళ్ల ముందు, నీచునీళ్లు పారే చోట వరసగా మోకాళ్ల మీద కూర్చోబెట్టారు. పోలీసు అధికారి రుస్తాన్ జుట్టు తీసే మిషను తనే అందుకున్నాడు. ఎవరికి ఎంత పొడుగు జడ ఉంటే వాళ్ల దగ్గర అంత నింపాదిగా నడిపించాడు. వీళ్లను మగాళ్లను చేసి పంపిస్తున్నామని మైకులో చెప్పాడు. నవ్వేవాళ్లు నవ్వారు. నవ్వలేనివాళ్లు చేతిలో కూరల సంచీలోకి చూసుకున్నారు. అలా తల దించుకున్న ఆడవాళ్లలో సగం మందిని పెళ్లికూతుళ్లను చేసింది ఆ నీచునీళ్లలో ఉన్నవాళ్లే.

మగపుట్టుక పుట్టి ఆడమనసుతో బతికేవాళ్లను తూర్పు సముద్రపు దీవుల్లోని బుగిస్ సీమలో చలబాయ్ అంటారు. ఆ సీమలో పెళ్లంటే వాళ్ల చేతిపనే. పందిరి వాళ్లది, వంట వాళ్లది, పాట వాళ్లది. పెళ్లికూతురి నుదుట నల్లటి దాదస దిద్దేది కూడా వాళ్లే. ఆ గీత లేకుండా పిల్ల పీట మీదికి రాదు. పెళ్లికి కావాలి, పెళ్లయ్యాక కంటికి ఆనరు. అదీ అక్కడి మర్యాద.

సెన్నాంగ్ ఆ దాదస దిద్దే చెయ్యి. యాభై దాటిన మనిషి. చిన్నా పెద్దా అందరూ ఇందో అంటారు, అంటే అమ్మ. ఆరోజు ఆమె తల కూడా బోడి చేశారు. దానికి ఆమె ఏడవలేదు. బజారు వీధిలో తన సెలూన్ వెనకగదికి ఇనుప తీగ చుట్టి సీలు వేస్తుంటే ఏడ్చింది.

ఆ గదిలో పాత సోఫా, మరచెంబు, ఒక ఫ్యాను తప్ప ఏమీ లేవు. అయినా కొండల్లోంచీ దీవుల్లోంచీ ఇంట్లోంచి గెంటేసిన ప్రతి పిల్లా వెతుక్కుంటూ వచ్చేది అక్కడికే. ఏ డాక్టరు మొహం చిట్లించకుండా చూస్తాడు, ఆడరూపం కోసం మింగే ఏ మాత్ర లివరు తినేస్తుంది, ఎవరు గది అద్దెకిస్తారు, అమ్మకు ఏమని చెప్పుకోవాలి, అన్నీ అక్కడే తెలిసేవి. చాటుగా ఆడబట్టలు కట్టుకుని మురిసే స్కూలు మేష్టరు కూడా వచ్చి గంటసేపు కూర్చుని, టీ తాగి, మనసు తేలికపడి పోయేవాడు.

సీలు వేయించింది జిల్లా అధిపతి ఆండి పనెరాంగ్. ఎన్నికలు దగ్గరకొచ్చాయి, ధర్మాన్ని ఉద్ధరించినట్టు కనపడాలి. ఆయన కూతురి పెళ్లి కూడా దగ్గరకొచ్చింది.

ఇక్కడే సెన్నాంగ్ పొరపాటు చేసింది. ఈ పెళ్లి కళ్లు చెదిరేలా చేసిపెడితే దొర మనసు కరుగుతుందనుకుంది. విగ్గు పెట్టుకుని, పళ్లబుట్ట మోసుకుని పోయి, కూలి వద్దు, గది తెరిపించండి చాలు అని కాళ్ల దగ్గర కూర్చుంది. దొర పళ్లు తీసుకున్నాడు. కూలి వద్దన్న మాటకు సంతోషించాడు. గది సంగతి పెళ్లయ్యాక చూద్దామన్నాడు.

ఆ వారమే కొండ ఊరి నుంచి రుక్కా వచ్చింది. పద్దెనిమిదేళ్లది. ఎవరో చెప్పిన గుర్తులు పట్టుకుని బజారు వీధికి వచ్చి, గదికి సీలు చూసి, పోలీసులకు భయపడి వెనక్కి తిరిగింది. ముందుగదిలో ఉన్న సెన్నాంగ్‌ను అడగడానికి కూడా దానికి ధైర్యం చాలలేదు. పడవల షెడ్డులో ఒకడున్నాడు, ఏదో నూనె సూదితో ఎక్కించి రొమ్ములు తెప్పిస్తానంటాడు. వాడి దగ్గరికి పోవద్దని గదిలోకి వచ్చిన వాళ్లందరికీ మొట్టమొదట చెప్పేవాళ్లు. రుక్కాకు ఎవరు చెప్పాలి? వాడి చేత సూది వేయించుకుని, ఒళ్లు నల్లబడి ఆసుపత్రిలో చచ్చిపోయింది. అయినవాళ్లు శవాన్ని కూడా ముట్టలేదు. సెన్నాంగే దగ్గరుండి మట్టి చేయించింది.

స్మశానం నుంచి తిన్నగా బెచ్చె పెరట్లోకి పోయారు చలబాయ్‌లంతా. బెచ్చె వంటమనిషి, వెయ్యి మందికి ఒంటిచేత్తో వండుతుంది. భేదిమందు కలుపుతా, పెళ్లికొచ్చిన పెద్దమనుషులంతా పంచెలు పట్టుకుని పరిగెత్తాలి అంది. కొందరు సై అన్నారు. అర్జీ పెట్టుకుందాం అన్నవాళ్ల మీద మిగతావాళ్లు విరుచుకుపడ్డారు. దొర కూతురి నుదుట దాదస వంకరగా దిద్దుతా, జన్మంతా ఫొటోలు చూసుకుని ఏడవాలి అంది సెన్నాంగ్.

పాటలు పాడే డాలె అడ్డుపడింది.

"పిల్ల ఏం చేసిందే ఇందో నిన్ను? పగ తండ్రి మీద. అన్నం పాడుచేస్తే మనదే తప్పంటారు, మళ్లీ మన తలలే గొరుగుతారు. అసలు మనం పోకపోతే?"

"పోకపోతే పట్నం నుంచి పిలిపించుకుంటాడు" అంది బెచ్చె.

"పట్నంలో మాత్రం ఈ పనిచేసేది ఎవరే? మనవాళ్లు కారూ? ఫోన్ చెయ్యి."

ఇన్నేళ్లలో తమ బలం ఎక్కడుందో వాళ్లెప్పుడూ తడిమి చూసుకోలేదు. వంద పెళ్లిళ్లు చేసిన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే చాలని ఆ సాయంత్రం తెలిసింది. పెళ్లిరోజు పొద్దున్న దాకా నోరు విప్పకూడదని అనుకున్నారు. ఏం అడగాలో సెన్నాంగ్ చెప్పింది. అది ఎక్కువని ఎవరూ అనలేదు.

పెళ్లిరోజు పొయ్యి రాజలేదు. ఊళ్లో ఉన్న చలబాయ్‌లంతా విగ్గులు తీసేసి, ముసుగులు తీసేసి, బోడితలలతో సీలు వేసిన గది ముందు కూర్చున్నారు. దొర హడావిడిగా పట్నం నుంచి పిలిపించిన వ్యాను కూడా వచ్చి అక్కడే ఆగింది. అందులోవాళ్లు దిగి, ఆ తలలు చూసి, పెట్టెలు దింపుకుని పక్కనే కూర్చున్నారు. ముందు దొర గుమాస్తా వచ్చి బెదిరించాడు. తర్వాత దొర భార్య వచ్చి బతిమాలింది. అవతల పెళ్లివారి కార్లు ఊరిబయట వంతెన దాటాయి. నుదురు దిద్దని పిల్లను చూస్తే అటునుంచి అటే తిరిగిపోతారు. ఆ సీమలో అంతకంటే తల కొట్టేసే అవమానం లేదు.

ఆఖరికి దొరే వచ్చాడు. పట్టుబట్టలు, బంగారు జరీ టోపీ, వెనక రుస్తాన్. గది తెరవమని రుస్తాన్‌కు సైగ చేశాడు.

"ఆయన కాదు, మీరు తియ్యాలి" అంది సెన్నాంగ్.

సందు చివర దాకా జనం. దొర వంగి తీగ విప్పాడు. చెయ్యి గీరుకుంది.

"అయింది కదా. లేవండిక."

"రుక్కా సంగతేంటి దొరా?"

"అదెవరు?"

చుట్టూ ఉన్న వాళ్లంతా పళ్లు కొరికారు. సెన్నాంగ్ మాత్రం నెమ్మదిగానే మాట్లాడింది. గదిలోకి రండి, ఎవరో చెబుతాం అంది. సోఫా పక్కన స్టూలు వేసింది. జుట్టు తీసే మిషను చేతిలోకి తీసుకుంది. దొర రెండు చేతులా టోపీ పట్టుకున్నాడు.

"టోపీ కింద ఎవరికీ కనపడదులెండి. మాకు తెలిస్తే చాలు."

బయట కార్ల హారన్లు దగ్గరవుతున్నాయి. రుస్తాన్ ముందుకు రాబోతే దొరే వద్దన్నాడు. కూర్చున్నాడు. సెన్నాంగ్ నుదుటి దగ్గర మొదలుపెట్టి మెడదాకా ఒక్క చాలు తీసింది, పొలంలో నాగలి పోయినట్టు. ఇన్నాళ్లూ మింగిన కోపమంతా ఆ ఒక్క చాలులో దిగింది. ఆమెకు హాయిగా అనిపించింది, అనిపించినందుకు సిగ్గుపడలేదు. తర్వాత మిషను ఆపేసింది.

"పూర్తిగా తియ్యి" అన్నాడు దొర పళ్లమధ్య నుంచి.

"మిగతాది రుక్కా తియ్యాలి. పిలిపించుకోండి."

పెళ్లి జరిగింది. బోడితలలతోనే అంతా దొర ఇంటి సింహద్వారంలోంచి లోపలికి నడిచారు. సెన్నాంగ్ పెళ్లికూతురి నుదుట వెంట్రుకవాసి తేడా లేకుండా దాదస దిద్దింది. దొర సాయంత్రం దాకా ఎండలో టోపీ తియ్యకుండా అందరికీ నమస్కారాలు పెట్టాడు. డాలె పాడుతూ ఆయన్నే చూసింది.

మర్నాడు రుస్తాన్ వచ్చాడు. వస్తాడని అందరికీ తెలుసు. సెన్నాంగ్ బట్టల సంచీ సర్దుకుని ఉంది. గదిలో దీవి నుంచి వచ్చిన ఒక కొత్తపిల్ల ముడుచుకుని కూర్చుంది. పడవల షెడ్డు వాడి దగ్గరికి ఎందుకు పోకూడదో బెచ్చె దానికి చెబుతోంది. పోలీసులు గుమ్మంలో నిలబడ్డా చెప్పడం ఆపలేదు. అంతా చెప్పి, అప్పుడు తలెత్తింది.

"ఇందోను తీసుకుపోండి, మేమూ వెనకే వచ్చి స్టేషను మెట్ల మీద కూర్చుంటాం. ఈ నెలలో పద్నాలుగు పెళ్లిళ్లున్నాయి సార్. ఒక్కటీ జరగదు. మూడోది మీ చెల్లెలిది."

రుస్తాన్ చేతిలో కొత్త ఇనుప తీగ చుట్ట ఉంది. దాన్ని చూసుకున్నాడు. సెన్నాంగ్‌ను జీపెక్కించాడు. గది తలుపు మాత్రం ముట్టుకోలేదు.