టక్కుమనని కీబోర్డు

నా నోరు మంచిది కాదని పాల్వంచలో నన్నెరిగిన వాళ్ళంతా చెబుతారు. వాళ్ళనేం తప్పుపట్టను. సవరయ్య సారును ఆ రోజు అన్న మాటలు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఈ రోజు నేను తినే ప్రతి ముద్దా ఆయన పెట్టిందే.

రెండు వేల మూడు నాటి సంగతి. మా నాన్న బిక్షపతి బొగ్గు బాయిలో ఏళ్ళ తరబడి చేసి, దగ్గుతో ఇంట్లో కూర్చున్నాడు. ఇల్లు నా టైపిస్టు జీతం మీదే నడిచేది. అదీ టెంపరరీ. ఇంతలో ఆఫీసులో టైపు మిషన్లు తీసేసి కంప్యూటర్లు పెట్టారు. మూడు వారాల్లో ఖమ్మంలో పరీక్ష, పది నిమిషాల్లో నాలుగు వందల మాటలు కొట్టాలి, ఐదు తప్పులు దాటితే ఇంటికే అన్నారు.

నాకేం భయం? సవరయ్య సార్ దగ్గర నేర్చుకున్నదాన్ని. చర్చి వెనక రేకుల షెడ్డులో ఆయన ఇన్‌స్టిట్యూట్. టైపు మిషన్లతో పాటు ఒక పాత కంప్యూటరు, దానికి ఇటుకంత బరువున్న కీబోర్డు ఉండేవి. ఒక్కో కీ కింద ఒక్కో స్ప్రింగు. సగం నొక్కగానే టక్కుమంటుంది, అక్షరం పడుతుంది, వేలు లేచిపోతుంది. సార్ మా చేతుల మీద తువ్వాలు కప్పి, గోడవైపు తిరిగి నిలబడి వినేవారు. అరుణా, ఉంగరం వేలు నిద్రపోతాంది అని అటు తిరిగే పట్టేసేవారు, మహానుభావుడు. మేమూ చెవితోనే టైపు కొట్టేవాళ్ళం.

ఆఫీసుకు వచ్చిన కొత్త కీబోర్డులకు ఆ స్ప్రింగులు లేవు. లోపల రబ్బరు పొర. చప్పుడే లేదు, అటుకుల బస్తా మీద కొట్టినట్టుంది. నా వేళ్ళు అలవాటుగా సగంలోనే లేచాయి, అక్షరాలు ఎగిరిపోయాయి. పడలేదేమోనని మళ్ళీ కొడితే రెండేసి పడ్డాయి. ఒక్క పేజీలో ముప్పై ఏడు తప్పులు. పక్క సీటు ద్వాలి, నిన్నగాక మొన్న కంప్యూటరు నేర్చుకున్న పిల్ల, రెండే తప్పులతో లేచింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ మంటంతా తీసుకుపోయి సార్ మీద పోశాను. మూలనపడ్డ మిషన్ల మీద నేర్పి నా బతుకు బజారున పడేశారన్నాను. లోకం మారింది, మీరే మారలేదన్నాను. రోడ్డు అవతల కిషోర్ పెట్టిన కంప్యూటర్ సెంటర్లో చేరినా బాగుపడేదాన్నన్నాను. ఆ కిషోర్ కూడా ఒకప్పుడు సార్ శిష్యుడే. సార్ వారం ఆగి రమ్మన్నారు. ఆ వారమంతా పొద్దున పూట షెడ్డుకు తాళమే. అలిగారేమో, అలగనీ అనుకుని నేనూ మూతి ముడుచుకున్నాను.

వారం తర్వాత వెళితే బల్ల మీద కొత్త మెత్తని కీబోర్డు ఉంది. సార్ నన్ను చెవుల్లో దూది పెట్టుకోమన్నారు, ఆ తర్వాత వినపడేలా గట్టిగా చెప్పారు.

"చెవి మాట ఇడిసిపెట్టు బిడ్డా. దీంట్ల అక్షరం అడుగున పడతది. వేలికి నేల తగిలేదాంక దించు, తగిలినంక లేపు. మల్లొకసారి కొట్టకు."

మొదటి రోజు నా స్పీడు ఇరవైకి పడిపోయింది, ఏడుపొచ్చింది. సార్ రోజూ సాయంత్రం పక్కనే కూర్చుని, వేలు సగంలో లేచినప్పుడల్లా స్కేలుతో బల్ల మీద కొట్టేవారు. పన్నెండో రోజుకు నా వేళ్ళకు నేల తెలిసింది. పరీక్షలో నాలుగు వందల పది మాటలు, మూడు తప్పులు. ఉద్యోగం పర్మినెంటు చేశారు. నాన్న ఆ కాగితం నాతో రెండుసార్లు చదివించుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే స్వీటు డబ్బా తీసుకుని వెళితే షెడ్డుకు తాళం. సరే, మా సార్ గొప్ప ఏంటో ముందు కిషోర్‌కు చెప్పి వద్దామని రోడ్డు దాటాను. నేను నోరు తెరవకముందే కిషోర్ లోపలికి చూపించాడు.

"నువ్వు కొట్లాడిపోయిన తెల్లారే సార్ వచ్చిన్రు అక్కా. పోరగాండ్ల నడుమ కూసొని మొదటి పాఠం కాడికెళ్ళి నేర్చుకుంటున్రు. నాకు నేర్పిందే మీరు గద సార్ అంటే, అరుణకు నేర్పాలె, ముందు నాకు రావాలె అన్నరు."

అరవై రెండేళ్ళ మనిషి. ఇంటర్ పిల్లల మధ్య ఇరుక్కుని, పెదవులు కదుపుతూ ఒక్కో అక్షరం కొడుతున్నారు. నేనన్న ప్రతి మాటా తిరిగొచ్చి నాకే తగిలింది. నాకిచ్చిన ప్రతి పాఠమూ ఆయన ఆ రోజు పొద్దున ఇక్కడ నేర్చుకున్నదేనని అప్పుడు అర్థమైంది. కాళ్ళ మీద పడబోతే, పిల్లలు చూస్తున్నరని వారించారు. నీది అయిపోయింది గానీ, రేపు వచ్చే పిల్లలకూ ఇదే నేర్పాలి కదా అన్నారు.

"స్పీడు ఇంకా పద్దెనిమిదే వస్తాంది. తప్పులు మస్తు. జర కూసొని చూడు."

స్టూలు లాక్కుని ఆయన పక్కన కూర్చున్నాను. కళ్ళు మసకేసి తెర కనిపించలేదు. మంచిగనే కొడుతున్నరు సార్ అన్నాను.

"అబద్ధం చెప్పకు. లెక్కపెట్టు."

కొంగుతో కళ్ళు తుడుచుకుని, మొదటి వరస నుంచి సార్ తప్పులు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.